కౌన్సిలరుగా నిలబడే ముందు మీ గంటలు లెక్కేసుకోండి

"నెలకో మీటింగే కదండీ, మీకేం ఇబ్బంది?"

మా వార్డు మహిళకు రిజర్వయిందని తెలిశాక, 2020 మార్చిలో పార్టీవాళ్లు మా అరుగు మీద కూర్చుని అన్న మాట ఇది. నాది టైలరింగు షాపు. రెండు మిషన్లు, సాయానికి ఒక అమ్మాయి. నెలకో రోజు షాపు కట్టేస్తే సరిపోతుందిలే అనుకుని నామినేషన్ వేశాను. వేసిన రెండు మూడు రోజులకే కరోనా వల్ల ఎన్నిక ఆగిపోయింది. గెలవకుండా, ఓడకుండా ఏడాదిపాటు అభ్యర్థిగానే ఉండిపోయాను. కొళాయి రావడం లేదని జనం వచ్చి చెప్పడం మాత్రం ఆ ఏడాదే మొదలైంది. పోలింగ్ 2021 మార్చి 10న, లెక్కింపు 14న, ప్రమాణం 18న. ఏప్రిల్ చివరికల్లా కరోనా రెండో దశ మీద పడింది. ఆక్సిజన్ సిలిండరు ఎక్కడ దొరుకుతుందో కనుక్కోవడం కూడా కౌన్సిలరు పనేనని అప్పుడు తెలిసింది.

ఆ ఐదేళ్ల గడువు 2026 మార్చితో అయిపోయింది. ఇప్పుడు నిలబడదామనుకునేవాళ్లు నా దగ్గరికి వచ్చి ఖర్చు ఎంతవుతుందని అడుగుతున్నారు. టైము సంగతి ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నోటిఫికేషన్ ఎప్పుడొచ్చినా, ఈ కింది పనులు ముందే చేసి పెట్టుకోండి. ఇది గోదావరి డెల్టాలోని చిన్న మునిసిపాలిటీని మనసులో పెట్టుకుని రాస్తున్నది. రాజమహేంద్రవరం, కాకినాడ, ఏలూరు లాంటి కార్పొరేషన్లలో డివిజన్లు పెద్దవి, కార్పొరేటరు పని ఇంకా ఎక్కువ.

ముందు ఒక నోటుబుక్కు కొనండి

పార్టీ ఆఫీసు మెట్లెక్కే ముందు చేయాల్సిన పని ఇది. రెండు వారాలపాటు, లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏ గంట దేనికి పోతోందో రాయండి. పక్కన ఒక గుర్తు పెట్టండి: ఈ పని వేరే వేళకు జరపొచ్చా, కుదరదా? పిల్లల స్కూలు బస్సు జరగదు. అత్తగారి ఇన్సులిన్ జరగదు. జాకెట్ల కటింగు రాత్రికి జరపొచ్చు.

రెండు వారాలయ్యాక ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా ఏం రాశారో చూడండి. మిగతా రోజంతా ఒక ఎత్తు, ఆ మూడు గంటలూ ఒక ఎత్తు. మన ఊళ్లలో కొళాయిలు వదిలేది అప్పుడే. పారిశుద్ధ్య కార్మికులు మస్తరు (హాజరు) వేసుకుని వీధుల్లోకి వచ్చేది అప్పుడే. కూలికి, కాలేజీకి, రొయ్యల ప్లాంటుకి వెళ్లేవాళ్లు దారిలో మీ గుమ్మం దగ్గర ఆగేది కూడా అప్పుడే. ఆ వేళ మీ చేతిలో లేకపోతే సాయంత్రం ఎంత ఖాళీ ఉన్నా పెద్ద ఉపయోగం ఉండదు.

చెరువులున్నవాళ్లకు ఒక మాట. మీ రొయ్యల చెరువు వేరే మండలంలో ఉండి, రాత్రి నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు, పొద్దున మేత మీరే చూసుకుంటున్నట్టయితే, ముందు నమ్మకమైన మనిషిని పెట్టుకోండి, తర్వాత పోటీ సంగతి. మా కౌన్సిల్లో ఒకాయన ఫోను మోగగానే "కరెంటు పోయిందంటండీ" అంటూ సమావేశం మధ్యలో లేచి బండెక్కేవారు. ఒక ఏడాది ఆయనకు పంటా పోయింది, వార్డులో మాటా పోయింది.

ప్రభుత్వోద్యోగంలో ఉన్నవాళ్లకు పోటీ చేసే వీలే లేదు. ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్లయితే యాజమాన్యంతో ముందే మాట్లాడుకోండి, గెలిచాక మాట్లాడితే మర్యాదకు ఒప్పుకుని నెల తిరక్కుండా సణుగుతారు. రిటైరైన మాస్టార్లకు టైముంటుంది. మోకాళ్లు ఉంటాయా అన్నది చూసుకోవాలి, ఎందుకంటే ఇది నడిచే పని.

నోటుబుక్కు అయ్యాక, పక్క వార్డులో ఇదివరకు చేసినవారిని అడిగి ఒక సోమవారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాళ్ల వెంట ఉండండి. మునిసిపల్ ఆఫీసులో అర్జీలు తీసుకునే రోజు సోమవారం. ఒకప్పుడు స్పందన అనేవారు, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు. రేపు మీ గుమ్మం దగ్గరికి వచ్చేదీ ఆ వరసలో నిలబడే జనమే.

సమావేశం రోజు, దాని ముందు నాలుగు రోజులు

మునిసిపాలిటీలు నడిచేది 1965 నాటి మునిసిపాలిటీల చట్టం కింద. కౌన్సిల్ సాధారణ సమావేశం నెలకోసారి జరుగుతుంది, మధ్యలో అత్యవసర సమావేశాలు వేరే. అమలాపురంలో 30 వార్డులు, నరసాపురంలో 31. అంతమందికి తోడు ఎక్స్అఫీషియో (పదవిరీత్యా) సభ్యులుగా ఎమ్మెల్యే, ఎంపీ. పదకొండింటికి అని నోటీసులో ఉంటుంది. ఎమ్మెల్యే గారు వస్తున్నారంటే మీ డైరీలో పన్నెండని రాసుకోండి.

సమావేశానికి కొన్ని రోజుల ముందు అజెండా కట్ట ఇంటికొస్తుంది. దాన్ని ఫ్రిజ్ మీద పెట్టి మర్చిపోయేవాళ్లే ఎక్కువ. మొదటి రెండు నెలలు నేనూ అంతే, అందరూ చెయ్యెత్తితే ఎత్తాను. మూడో నెలలో అనుకోకుండా కాగితాలు తిరగేస్తుంటే మా వీధి చివరి డ్రెయిను పని పూర్తయినట్టు బిల్లు కనబడింది. సాయంత్రం వెళ్లి చూస్తే సగంలో ఆగి, గోతిలో గేదె కాలు ఇరుక్కుని ఉంది. ఆ రోజు నుంచి కట్ట రాగానే టీ పెట్టుకుని కూర్చోవడం అలవాటైంది. మీరు ఇలా చేయండి.

మొదటి సాయంత్రం మీ వార్డు పేరున్న అంశాలన్నీ పెన్సిలుతో చుట్టండి. తర్వాత టెండర్లు చూడండి, అంచనా ఎంత, కాంట్రాక్టరు ఎంతకు వేశాడు, గడువు ఎన్నాళ్లు. ఆ తర్వాత "కార్యోత్తర ఆమోదం" అన్న మాట ఎక్కడుందో వెతకండి. పని ముందే చేసేసి, డబ్బు ముందే ఖర్చుపెట్టేసి, మీ సంతకం తర్వాత అడుగుతున్నారని దానర్థం. చాలావరకు న్యాయమైనవే ఉంటాయి. పైపు పగిలితే సమావేశం దాకా ఆగలేరు కదా. కాని అడిగి తెలుసుకోవాల్సినవి అక్కడే దాక్కుంటాయి. మార్కెట్ ఆశీళ్ల (రుసుముల) పాట, షాపుల లీజుల పొడిగింపు కూడా వదలొద్దు.

మర్నాడు ఉదయం పెన్సిలు చుట్టిన చోట్లకు వెళ్లి కళ్లతో చూసి రండి. ఫొటో తీసుకోండి. రెండో సాయంత్రం ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) ఫోను చేసి అనుమానాలు అడిగేయండి. అక్కడే తేలిపోయినవి వదిలేసి, తేలనివి రెండు మూడు ప్రశ్నలుగా కాగితం మీద రాసుకోండి. సభలో లేచి గట్టిగా అరిస్తే మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది, రాసుకెళ్లిన ప్రశ్న అడిగితే పని అవుతుంది. నాకు రెండూ జరిగాయి కాబట్టి చెబుతున్నాను.

ఆ రోజే చేతిలో పెట్టే టేబుల్ అజెండాతో జాగ్రత్త. చదవడానికి పది నిమిషాలు అడగండి. ఇవ్వకపోతే, నా అసమ్మతి మినిట్స్‌లో రాయండి అని చెప్పి కూర్చోండి. వచ్చే నెల కాగితం ముందే వస్తుంది.

మొత్తం కలిపి నెలకు పది గంటల లోపే. నిజానికి కౌన్సిలరు పనిలో తేలికైన భాగం ఇదే, ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోతుందో తెలుస్తుంది కాబట్టి. వరసగా ఎగ్గొడితే మాత్రం సభ్యత్వానికే ఎసరు వస్తుంది. చట్టంలో ఆ నిబంధన ఎలా ఉందో కమిషనరు ఆఫీసులో కాపీ అడిగి చదువుకోండి.

గుమ్మం దగ్గర పని

నిజంగా టైము పోయేది ఇక్కడ. కొళాయి, మురుగు, వీధి దీపం, కుక్కలు, పందులు, దోమల మందు, మరణ ధ్రువపత్రం, ఇంటి పన్నులో పేరు మార్పు, పింఛను. ఒక్కోటి చూస్తే ఐదు నిమిషాల పనే. కాని ఒక దీపం వెలగాలంటే మూడు ఫోన్లు, ఒక గుర్తు చేయడం, వెలిగిందో లేదో ఒక రాత్రి వెళ్లి చూడటం.

దీన్ని అదుపులో పెట్టడానికి నేను చేసినవి చెబుతాను.

గెలిచిన రోజే కౌన్సిలరు పనికి విడిగా ఒక సిమ్ తీసుకోండి. కరపత్రం మీద కూడా ఆ నంబరే వేయించండి. నేను తీసుకోలేదు. నా షాపు నంబరే ఇచ్చాను. పెళ్లికూతురు జాకెట్టు కొలతలు తీసుకుంటుంటే చచ్చిన కుక్కను తీయించమని ఫోను. ఏడాది తర్వాత సిమ్ మార్చినా పాత నంబరుకు ఫోన్లు తగ్గలేదు.

రెండోది, వేళ. ఆరున్నర నుంచి ఎనిమిది దాకా అరుగు మీద ఉంటానని అందరికీ చెప్పండి, చెప్పినట్టు ఉండండి. మొదటి నెల ఎవరూ పాటించరు. మధ్యాహ్నం వస్తారు, రాత్రి పదింటికి వస్తారు. కోప్పడకండి, "పొద్దున అరుగు మీద మాట్లాడుకుందాం అన్నయ్యా" అని నవ్వుతూ పంపించేయండి. మూడో నెలకి అలవాటు పడతారు. అగ్నిప్రమాదం, కరెంటు తీగ తెగడం, మనిషి పోవడం, ఈ మూడింటికి మాత్రం వేళ లేదు.

మూడోది, పుస్తకం. నాలుగు గళ్లు గీయండి: తేదీ, మనిషి పేరు-వీధి, ఎవరికి చెప్పాం, ఎప్పుడు తీరింది. శానిటరీ ఇన్‌స్పెక్టరుతో మాట్లాడేటప్పుడు ఆ పుస్తకం తెరిచి "మూడో తారీఖున చెప్పానండీ" అంటే, ఆయన కూడా తన ఫోను తెరుస్తాడు. నోటి మాటకు అంత బలం రాదు.

వార్డు వాట్సాప్ గ్రూపు పెట్టాలా? పెట్టండి, కాని ఫొటో, ఇంటి గుర్తు లేని ఫిర్యాదు తీసుకోనని మొదటి రోజే రాయండి. గుడ్ మార్నింగులు, పార్టీ పోట్లాటలు ఒక వారం చూస్తూ ఊరుకుంటే పుస్తకం పని కూడా గ్రూపులో మునిగిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ టైము తినేది స్లాబు తగువు. పక్కింటాయన ప్లాను లేకుండా గోడ ముందుకు జరిపి స్లాబు వేస్తున్నాడని ఒకరు వస్తారు. ఆ పక్కింటాయన గంట తర్వాత వస్తాడు. ఇద్దరూ మీ ఓటర్లే, ఇద్దరిదీ ఒకటే గోడ. ఇద్దర్నీ కూర్చోబెట్టి రాజీ చేద్దామని నేను మొదట్లో ఆదివారాలు ధారపోశాను. రాజీ కుదరలేదు సరికదా, ఇద్దరూ నేను రెండోవాళ్ల దగ్గర డబ్బు తిన్నానన్నారు. ఇలాంటిది వస్తే ఫిర్యాదు కాగితం మీద రాయించి, టౌన్ ప్లానింగ్ వాళ్లకు ఇప్పించి, రసీదు నంబరు పుస్తకంలో ఎక్కించుకోండి. అక్కడితో మీ పని అయిపోయినట్టే. పోలీసు స్టేషనుకు తోడు రమ్మన్నా ఇదే పద్ధతి.

ఇంకో సంగతి. 2019 అక్టోబరు నుంచి వార్డు సచివాలయాలు ఉన్నాయి. శానిటేషన్‌కు, ప్లానింగ్‌కు, వసతులకు (ఎమినిటీస్), సంక్షేమానికి వేర్వేరు కార్యదర్శులు కూర్చుంటారు. మొదటి వారంలోనే వెళ్లి, ఎవరి పని ఏదో రాసుకుని, ఆ కాగితం మీ అరుగు గోడకు అంటించండి. సగం మంది అది చదువుకుని నేరుగా అక్కడికే పోతారు. కొందరు కౌన్సిలర్లకు ఇది నచ్చదు, అన్నీ తమ చేతి మీదుగానే జరగాలంటారు. అలా అనేవాళ్లకి నిద్ర ఉండదు. కరెంటు స్తంభం విద్యుత్ సంస్థది, పంట కాలువ జలవనరుల శాఖది, బియ్యం కార్డు పౌర సరఫరాలది. ఇవి మనవి కావని చెప్పడం మొదట మొహమాటంగా ఉంటుంది. చేస్తానని చెప్పి చేయకపోవడం కంటే నయం.

డెల్టా కేలండరు దగ్గర పెట్టుకోండి

వారానికి ఇన్ని గంటలని ఏడాది పొడవునా ఒకే లెక్క వేస్తే దెబ్బతింటారు. మన దగ్గర కౌన్సిలరు పని నీళ్లతో పాటు పెరుగుతుంది, తగ్గుతుంది. పెళ్లిళ్లు, యాత్రలు, షాపు మరమ్మతులు దాన్ని చూసి పెట్టుకోవాలి.

దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక వేసవిలో కాలువలు కట్టేస్తారు. మళ్లీ నీళ్లు వదిలేదాకా ఊరు తాగేది మునిసిపల్ చెరువులో నిలవ చేసుకున్న నీళ్లే. కాబట్టి మీ పని కాలువలు కట్టేసే ముందే మొదలవ్వాలి. చెరువు ఎంత నిండిందో ఏఈని అడగండి, అంతటితో ఆగకుండా ఒకసారి గట్టెక్కి చూడండి. నిండకుండా కాలువ కట్టేశారా, మే నెలంతా మీ ఫోను చల్లారదు. శివారు వీధులకు ట్యాంకరు పంపాలి, ఏ వీధికి ముందు అన్నది మళ్లీ తగువు. ఆ తగువులకే నాకు రోజూ పొద్దున రెండు గంటలు పట్టిన వేసవి ఉంది. కాలువలు వదిలాక ఫోన్లు ఆగుతాయా అంటే, "నీళ్లు ఎర్రగా వస్తున్నాయండీ" అని ఇంకో రకం మొదలవుతాయి.

ఆ ఎండల్లోనే పూడికతీత. మనది పల్లపు నేల. ఊళ్లో మురుగు చిన్న డ్రెయినులోంచి పెద్ద డ్రెయినులోకి, అక్కణ్నుంచి సముద్రంలోకి పోవాలి. దారిలో గుర్రపుడెక్క, తూడు పట్టేసి, అటు సముద్రం పోటు మీద ఉంటే నీరు లాగదు. అందుకని వానలకు ముందే తీయించాలి. తీయించడం ఒక పని, తీసిన బురద ఎత్తించడం ఇంకో పని. గట్టు మీద వదిలేస్తే మొదటి వానకే అది మళ్లీ డ్రెయినులోకి దిగుతుంది. మే, జూన్లలో వారానికి నాలుగు ఉదయాలు వార్డులో నడకకే పెట్టుకోండి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదారి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఏటిగట్టు పక్క ఊళ్లలో చిన్నపిల్లలకు కూడా ఈ అంకెలు వచ్చు. మీరు వాటికి మీ ఇంటి పనులు ముడిపెట్టుకోండి. నా పద్ధతి ఇది: మొదటి హెచ్చరికకు కొత్త కుట్టు ఆర్డర్లు ఆపేయడం. రెండోదానికి పునరావాస కేంద్రంగా వాడే బడి తాళాలు ఎవరి దగ్గరున్నాయో కనుక్కోవడం. మూడోది ఇచ్చేసరికి పిల్లల్ని అమ్మ వాళ్లింటికి పంపేయడం. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ వరదకు ఇసుక బస్తాలు, లంకల నుంచి వచ్చినవాళ్లకు భోజనాలు, పాల ప్యాకెట్లు అంటూ ఐదు రోజులు నేను ఇంట్లో అన్నం తినలేదు. అప్పటి నా నోటుబుక్కులో ఆ ఐదు రోజులూ ఖాళీగానే ఉన్నాయి.

అక్టోబరు, నవంబరు తుఫానులవి. మొంథా 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. చెట్లు కొట్టించి, దారులు తెరిపించేసరికి రెండు మూడు రోజులు. అసలు పని ఆ తర్వాత వచ్చే నష్టం జాబితాలది. ఫలానావారి పాక పేరు రాయలేదు, పక్కింటివారిది రెండుసార్లు రాశారు అని నెలంతా తిరిగాం. దానికి తోడు జ్వరాలు, దోమల పొగ.

సంక్రాంతికి హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి అందరూ ఊరొస్తారు. వచ్చినవాళ్లందరికీ రోడ్డు మీద ఒక అభిప్రాయం ఉంటుంది. కోడిపందేల బరుల దగ్గరికి రమ్మని పిలుపులు కూడా వస్తాయి, నేను వెళ్లలేదు, మీ ఇష్టం. పండగ అయ్యాక మార్చి చివరి దాకా పన్ను వసూళ్లు, బడ్జెట్. బడ్జెట్ పుస్తకం చదవడానికి మామూలు అజెండా కంటే రెండింతలు టైము పెట్టుకోండి. మీ వార్డుకు ఏడాదిలో ఏమైనా వస్తుందా రాదా అన్నది అందులోనే తేలుతుంది.

నెలనెలా కదలని తారీఖులు కొన్ని. ఒకటో తేదీ పింఛన్లు, తెల్లారే మొదలవుతాయి. మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం, చీపురు పట్టుకుని ఫొటో. సోమవారాలు అర్జీలు.

వచ్చే పాలకవర్గానికి వీటన్నిటి మీదా 2027 గోదావరి పుష్కరాలు. పన్నెండు రోజుల పండగే. కాని 2015లో ఘాట్లు, తాత్కాలిక మరుగుదొడ్లు, దుస్తులు మార్చుకునే గదులు, ఒకదాని వెనక ఒకటి నెలల తరబడి నడిచాయి. మీది గట్టు పక్క ఊరైతే అంతకు ముందు ఆరు నెలల్లో ఇంట్లో శుభకార్యం పెట్టుకోకండి.

శుభాలు, అశుభాలు

దీన్ని పనిగా ఎవరూ లెక్కలో వేయరు. మాఘమాసం ముహూర్తాల్లో ఒక్కరోజే ఏడు శుభలేఖలు వచ్చాయి నాకు. అన్నిటికీ వెళ్తే రాత్రి రెండవుతుంది, చదివింపులకు షాపు సంపాదన చాలదు. నా నియమం: వార్డులో ఎవరు పోయినా వెళ్లాలి, అదీ ఆ రోజే. పెళ్లిళ్లకు మాత్రం మర్నాడు పొద్దున్న ఇంటికి వెళ్లి అక్షింతలు వేసి కాఫీ తాగి రావచ్చు. పది నిమిషాల్లో అయిపోతుంది, పందిట్లో కంటే వాళ్లకు ఎక్కువ గుర్తుంటుంది. బారసాల, గృహప్రవేశం, వినాయక చవితి పందిళ్లు మీ ఓపికను బట్టి.

ఇంట్లో ఒప్పందం

మన రాష్ట్రంలో సగం సీట్లు మహిళలవి. కాబట్టి ఈ మాట ఆడవాళ్లతోనే చెప్పాలి: ఫోను మీ చేతిలో ఉండాలి. మొదటి రెండు నెలలు నా ఫోను మావారే ఎత్తారు, పాపం సాయం చేద్దామనే. ఆఫీసుకు ఇద్దరం వెళ్తే కుర్చీ ఆయనకు వేసేవారు, మాట ఆయనతో మాట్లాడేవారు, నేను పక్కన సంచీ పట్టుకుని నిలబడేదాన్ని. ఒక రోజు ఇంటికొచ్చి చెప్పాను, "మీరు మిషన్లు చూసుకోండి, వార్డు నేను చూసుకుంటాను." ఆయనకు మొదట కష్టమనిపించింది. తర్వాత చీరలకు ఫాలు కుట్టడం నేర్చుకున్నారు, నాకంటే వంకర లేకుండా కుడతారు ఇప్పుడు.

నామినేషన్‌కు ముందే ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి తేల్చుకోండి. పొద్దున వంట ఎవరిది? వచ్చినవాళ్లకు టీలు ఎవరు పెడతారు? మా ఇంట్లో రోజుకు పదిహేను టీలు, ఆ పాలు, పంచదార, గ్యాసు కూడా రాసుకోండి. పిల్లల పరీక్షలప్పుడు అరుగు మీద జనం గోల ఎలా? షాపు ఆదాయం ఎంత తగ్గితే తట్టుకోగలం? కౌన్సిలరుకు వచ్చే గౌరవ వేతనం పెట్రోలుకు, ఫోనుకు సరిపోతే సంతోషించాలి. దాన్ని జీతమనుకుని బ్యాంకు అప్పు పెట్టుకోకండి. మునిసిపాలిటీ కాంట్రాక్టు పనుల్లో వాటా ఉంటే అది అనర్హత కిందికి వస్తుంది, ఆ దారీ లేదు.

ఐదేళ్లు ఇలా పెట్టాక వచ్చేసారి కూడా మీకే అవకాశం వస్తుందన్న నమ్మకం ఉండదు. వార్డు రిజర్వేషన్ మారిపోవచ్చు. ఇది కూడా ఇంట్లో చెప్పి ఉంచండి.

ఇప్పుడు కూడిక వేయండి

మామూలు వారంలో నా లెక్క ఇదీ. అరుగు మీద రోజుకు గంటన్నర చొప్పున ఆరు రోజులకు తొమ్మిది గంటలు. వార్డు నడక మూడు. సోమవారం ఆఫీసు మూడు. ఫోన్లు ఏడు. శుభాలు, అశుభాలు నాలుగు. మొత్తం ఇరవై ఆరు. సమావేశం ఉన్న వారం ముప్పై ఆరు దాకా పోతుంది. వరద వారానికి లెక్క లేదు.

మీ రెండు వారాల నోటుబుక్కు తెరిచి, జరపగలిగిన గంటలు వారానికి ఎన్ని వచ్చాయో కూడండి. ఇరవై ఆరు దాటితే ధైర్యంగా ముందుకు వెళ్లండి. పది, ఇరవై ఆరు మధ్య ఉంటే షాపులోనో ఇంట్లోనో ఒక మనిషి సాయం కుదుర్చుకున్నాక వెళ్లండి. పది కూడా రాకపోతే ఈసారికి ఆగి, వార్డులో ఎవరికైనా పుస్తకం రాసిపెట్టే సాయం చేయండి. నాకు అలా ఒక డిగ్రీ కుర్రాడు ఏడాదిపాటు చేశాడు, పని మొత్తం వాడికి తెలిసిపోయింది.

వెళ్లాలనుకుంటే కాగితాలకు ఒక వారం పెట్టుకోండి. 21 ఏళ్లు నిండి ఉండాలి, ఆ ఊరి ఓటర్ల జాబితాలో పేరుండాలి. ఇంటి పన్ను, నీటి పన్ను బకాయిలు కట్టేసి రసీదులు దాచుకోండి. చివరి రోజు కౌంటరు దగ్గర అందరూ అవే రసీదుల కోసం తోసుకుంటారు. మునిసిపల్ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరుగుతాయి కాబట్టి, పార్టీ టికెట్ ఇచ్చినట్టు రాసే బీ ఫారం చేతికి వచ్చేదాకా జరిగే తిరుగుడు ఈ లెక్కలో వేయలేదు. అది వేస్తే ఎవరూ నిలబడరు.

దిగే నెలలో

ఆఖరి నెలలో రెండు వారాలు అప్పగింతకు పెట్టుకోండి. గడువు అయ్యాక కొత్త కౌన్సిల్ వచ్చేదాకా ప్రత్యేకాధికారి పాలన ఉంటుంది, అప్పుడు మీ మాట ఆఫీసులో ఇదివరకటిలా చెల్లదు. పుస్తకంలో తీరని ఫిర్యాదులన్నీ ఒక కాగితం మీదకు ఎత్తి రాసి, ఒక కాపీ సచివాలయంలో, ఒక కాపీ మునిసిపల్ ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఆ ఫిర్యాదు పెట్టినవాళ్లకు ఫోను చేసి, ఎవరి దగ్గర ఉందో చెప్పండి. నా జాబితాలో పదిహేడు మిగిలాయి. అందులో పది వీధి దీపాలు, నాలుగు పింఛన్లు, రెండు కొళాయిలు, ఒకటి ఆ స్లాబు.